రేకుల గదిలో నాలుగు టైర్లు

జనవరి 11

ఒసే పిడుగా,

మామయ్య అరుస్తున్నాడని ముందే అనుకుని, అప్పుడు చదువు. గట్టి టైర్లు బిగించానని ఎంత తేలిగ్గా రాశావే! "ఏడాదంతా వస్తాయి మామయ్యా" అట. రాక ఏం చేస్తాయి? ఎడ్లబండి చక్రాలైతే జీవితాంతం వస్తాయి. అవే బిగించుకోలేకపోయావా?

నా షాపులో అన్నేళ్ళు చేతులు నల్లగా చేసుకుని నేర్చుకున్నది ఇదేనా? మెత్త రబ్బరు రోడ్డుని పట్టుకుంటుంది, తొందరగా అరుగుతుంది, జేబు ఖాళీ చేస్తుంది. గట్టి రబ్బరు అరగదు, పట్టదు. రెండూ కలిసొచ్చే టైరు ఇంతవరకూ ఎవడూ చెయ్యలేదు. చేశామని ఎవడైనా అంటే వాడు టైర్లు అమ్మేవాడన్నమాట. ఇంటి నుంచి ఆఫీసుకి పోయి వచ్చేవాడికి గట్టివి చాలు. నువ్వు చేసేది ఆ పనా? ఒక్కొక్కరే గడియారంతో పందెం వేసి కొండదారి ఎక్కుతారు, ప్రతి మలుపులోనూ పక్కన లోయ. అక్కడ నిన్ను రోడ్డు మీద నిలబెట్టేది రబ్బరు తప్ప ఇంకేముంది?

చెవులు పోయింది నీకా, నీ మేనకోడలికా అని మీ అత్తయ్య ఎగతాళి చేస్తోంది. బోల్టులు బిగించే గాలి మిషను మోతకి నా చెవులు పోయాయి, ఒప్పుకుంటాను. ఫోనులో నీ గొంతు వినపడదు. ఆ చిన్న తెర మీద అక్షరాలు చూస్తే కళ్ళు తిరుగుతాయి. అందుకని ఉత్తరమే రాయి. పెద్ద అక్షరాలతో రాయి. జట్టు మేనేజరు ఏమన్నాడో ఒక్క ముక్క కూడా వదలకుండా రాయి.

పైన రేకుల గదిలో నాలుగూ క్షేమం. నిన్ననే వాటి మీద దుప్పటి మార్చాను.

కోపంగానే, 
మామయ్య

జనవరి 24

మామయ్యకి,

నీ అరుపు ఇక్కడిదాకా వినపడింది. పక్క గదివాళ్ళు తలుపు కొట్టారు.

మేనేజరు మాట రాస్తున్నాను. జట్టులో ఒక్క డ్రైవరుకే చోటుంది. మార్చి చివర కొండ పోటీలో మాలో ఎవరు ముందుంటే వాళ్ళకి జీతం, జట్టు కారు. "మీకిది ఆఖరిసారి. ఈసారి కాకపోతే ఇక మిమ్మల్ని పిలవం" అని మొహం మీదే చెప్పాడు. మర్యాదగానే చెప్పాడులే, కుర్చీ కూడా వేశాడు. నేనూ ఒక మాట అనుకున్నాను. ఈసారి కాకపోతే మన ఎర్ర కారు అమ్మేస్తాను. ఎన్నేళ్ళని ఇంకా కొంచెం, ఇంకా కొంచెం అంటూ బతకను?

గట్టి టైర్లు ఎందుకంటే, ప్రాక్టీసంతా మెత్తవాటి మీద చేస్తే పోటీ నాటికి వాటిలో ఏమీ మిగలదు. పొద్దున చలిలో మూడో మలుపు దగ్గర కారు వెనకభాగం జారుతోంది, నిజమే. పోటీకి మెత్తవే వేస్తాను. ఇక్కడి టైర్ల షాపాయన దగ్గర మన కారు కొలతకి కొత్త సెట్టు ఒకటుంది. ఈ చుట్టుపక్కల అదొక్కటే. ఆదివారాలు ఆయన షాపులో పని చేస్తానన్నాను, నాకోసం పక్కన పెట్టాడు. కాబట్టి దుప్పటి కప్పుకుని పడుకున్న నీ నాలుగింటినీ నేను అడగడం లేదు. అడిగి అడిగి నోరు నొప్పి పుట్టింది. అడిగినప్పుడల్లా "ఇప్పుడే కాదే, అరిగిపోతాయి" అన్నావు.

నువ్వు దిగులు పడకు. నాకిక్కడ జిడ్డు తోడున్నాడు. కారు పని, నా తిండీ తిప్పలూ అన్నీ అతనే చూసుకుంటున్నాడు.

అత్తయ్యకి నా ముద్దులు. నీకు లేవు. 
పిడుగు

ఫిబ్రవరి 5

ఒసే పిడుగా,

ముందు ఆ జిడ్డు ఎవరో చెప్పు. తిండీ తిప్పలూ చూసుకోవడమేమిటి? మంచివాడేనా? ఏం చేస్తుంటాడు? పెద్దవాళ్ళున్నారా? మాతో ఒక్క మాటైనా చెప్పాలని తోచలేదూ? మీ అత్తయ్య అప్పుడే కొత్త చీర సంగతి ఆలోచిస్తోంది. సరే, మా ఇద్దరికీ ఇష్టమే.

ఇక అసలు సంగతి. కారు అమ్మేస్తానన్న మాట చదివి నాకు కాలు నిలవలేదు. ఉత్తరం జేబులో పెట్టుకుని ఇంటి చుట్టూ తిరిగాను. ఎర్ర కారు అమ్ముతావా? ఆ ఇంజను మనిద్దరం విప్పి బిగించిందే! నువ్వు పానా జారవిడిచి నా కాలి బొటనవేలు చితగ్గొట్టింది దాని కిందేనే!

ఆ నాలుగూ పంపిస్తున్నాను.

అవును, సరిగ్గానే చదివావు. నువ్వు మొదటిసారి ఆ కొండ ఎక్కిన ఏడాది కొన్నాను వాటిని. అంత మెత్తవి ఇప్పుడు దొరకవు. రోడ్డు మొహం చూడలేదు. సుద్దపొడి చల్లి, నల్ల కవరు చుట్టి, దుప్పటి కప్పి ఉంచాను. తడి అనేది వాటికి తెలియదు. రేకుల కింద ఎండాకాలంలో చెయ్యి పెడితే కాలుతుంది, అంత పొడిగా ఉంటుంది ఆ గది. నిన్న బొటనవేలి గోరు గుచ్చి చూశాను. వెన్నలోకి దిగినట్టు దిగింది. దిగలేదని మీ అత్తయ్య అంటుంది. టైర్ల సంగతి ఆవిడకేం తెలుసు?

నువ్వు గెలిచే రోజు కోసం దాచాను. ఆ రోజు వచ్చింది. ఆ షాపాయనకి వద్దని చెప్పెయ్. ఆదివారాలు హాయిగా పడుకో.

మామయ్య

ఫిబ్రవరి 17

మామయ్యా, మా మంచి మామయ్యా,

ఉత్తరం చదివి వర్క్‌షాపు మధ్యలో గంతులేశాను. కారు కిందున్న జిడ్డు భూకంపం వచ్చిందనుకుని బయటికి పాకాడు.

షాపాయనకి వద్దని చెప్పేశాను. చెప్పిన రోజే ఇంకో పోటీదారు ఆ సెట్టు పట్టుకుపోయాడట, పట్టుకుపోనీ! నువ్వు ఇస్తావని నేను కలలో కూడా అనుకోలేదు. నిజం చెప్పనా, టైర్ల కంటే నువ్వు ఇస్తున్నావన్నదే నాకు ఎక్కువ. నేను గెలుస్తానని నువ్వు అనుకునే రోజు వచ్చిందన్నమాట.

అత్తయ్యని చీర సంగతి ఆపమను. జిడ్డుకి అరవై దాటాయి, మనవలున్నారు. ఒంటికి ఎప్పుడూ గ్రీజే కాబట్టి ఆ పేరు. నాకు వండిపెట్టేది వాళ్ళావిడ.

కళ్ళలో వత్తులేసుకుని లారీ కోసం చూస్తుంటాను. 
నీ పిడుగు

మార్చి 1

ఒసే పిడుగా,

లారీ ఎక్కించాను. డ్రైవరుకి జాగ్రత్తలు చెప్పీ చెప్పీ వాడి తల ప్రాణం తోకకి తెచ్చాను. పసిపిల్లల్ని పంపుతున్నారా అని అడిగాడు. అవునన్నాను.

వినుకో. గాలి కొంచెం తక్కువ పెట్టు. వేడెక్కితే అదే పెరుగుతుంది. బయల్దేరే ముందు అటూ ఇటూ తిప్పి రబ్బరుకి వేడి తగలనియ్యి. ప్రాక్టీసుకి వాటిని ముట్టుకోకు. అన్నీ దాచింది ఆ ఒక్క రోజుకే.

రేకుల గది బోసిపోయింది. పొద్దున అలవాటు కొద్దీ పైకి వెళ్ళి, ఎందుకెళ్ళానో మర్చిపోయి దిగొచ్చాను. జిడ్డుగారి విషయంలో తొందరపడ్డాను, పోనీలే. చీర మాత్రం కొనేసింది.

గెలిచి రాయి. 
మామయ్య

మార్చి 30

అత్తయ్యకి,

ఈ ఉత్తరం నీకొక్కదానికే. మామయ్య కంట పడనివ్వకు. చదివి పొయ్యిలో పడేయి.

నువ్వు చెప్పిందే నిజం అత్తా. గోరు దిగదు. లారీ ఆలస్యంగా వచ్చింది. కవరు విప్పగానే నాకు ఏడుపొచ్చింది, అంత అందంగా ఉన్నాయి. టైరు మీది గాట్లన్నీ కొత్తగా, నల్లగా, పదునుగా. గోరు గుచ్చాను. పైపైన గట్టిపడిందేమో అనుకుని గరుకు కాగితంతో రుద్ది మళ్ళీ గుచ్చాను. చెక్కకి గుచ్చినట్టే ఉంది. జిడ్డు పానాతో తట్టి చూసి, చెయ్యి తుడుచుకుని బయటికి వెళ్ళిపోయాడు. తిరక్క అరగలేదు గానీ, ఆ రేకుల వేడికి లోపల రబ్బరంతా ఎండిపోయింది. "టైరు పక్కన తయారైన సంవత్సరం చూసుకోండి, వాడకపోయినా చచ్చిపోతుంది" అని షాపుకి వచ్చిన ప్రతివాడికీ చెప్పేవాడు మామయ్య. తన నాలుగింటికి మాత్రం అది వర్తించదనుకున్నాడు. నాకు మాత్రం తెలియదా? తెలుసు. ఇస్తున్నాడన్న సంతోషంలో ఆలోచించడం మానేశాను.

షాపుకి పరిగెత్తాను. "మీరే కదా వద్దన్నారు" అన్నాడాయన. పాపం ఆయన తప్పేముంది? ఏడాదంతా వస్తాయన్న నా గట్టి టైర్లు కూడా రోజూ కొండ ఎక్కే ప్రాక్టీసులో అరిగి, ఇంతకంటే అరగకూడదని టైరు మీద ఉండే గీత దాకా వచ్చేశాయి, వాటితో పోటీకి ఒప్పుకోరు. ఇక మామయ్యవే దిక్కయ్యాయి.

మూడో మలుపు దాకా పోలేదు అత్తా. రెండో మలుపులో కారు నా చేతిలోంచి జారిపోయింది. స్టీరింగు తిప్పుతున్నాను, అది వినడం లేదు. వెనక చక్రం రోడ్డు అంచునున్న కంకరలో ఆగింది. నాకేం కాలేదు, గోటికి కూడా దెబ్బ తగల్లేదు. ఒక్కొక్కరినీ రెండుసార్లు ఎక్కనిస్తారు, రెండోసారి భయపడుతూ భయపడుతూ ఎక్కాను. అందరికంటే ఆఖరు. ఆ కొత్త సెట్టు పట్టుకుపోయినవాడికే చోటొచ్చింది. మేనేజరు నా వైపు చూడకుండా కాగితాలు సర్దుకున్నాడు.

నాకు కడుపు మండేది ఒక్కదానికే. అడిగిన మొదటి ఏడాదే ఇచ్చి ఉంటే? అప్పుడు అవి వెన్నలాగే ఉండి ఉంటాయి.

కానీ ఆయనకి చెప్పకు. ఆ నాలుగింటినీ నా పేరు మీద ఎలా సాకాడో నీకు తెలుసు. నిజం తెలిస్తే ఆ మనిషి కోలుకోడు. గేర్‌బాక్స్ పోయిందని రాస్తున్నాను.

పిడుగు

మార్చి 30

మామయ్యకి,

ఎలా రాయాలో తెలియడం లేదు. ఓడిపోయాను. రెండో మలుపు దాటుతుండగా గేర్‌బాక్స్ పోయింది. అదృష్టం లేదు, అంతే.

టైర్ల తప్పు ఇసుమంతైనా లేదు. ఇన్నేళ్ళున్నా కొత్తవాటిలా పట్టుకున్నాయి. నువ్వు దాచింది వృథా కాలేదు.

నీ పిడుగు

ఏప్రిల్ 8

ఒసే పిడుగా,

నువ్వు క్షేమంగా ఉన్నావు, అది చాలు. తిండి మానకు. గేర్‌బాక్స్ ఇనప ముక్క, ఇవాళ కాకపోతే రేపు బాగుపడుతుంది.

జిడ్డుగారి మీద మాత్రం నా రక్తం ఉడికిపోతోంది. పోటీకి ముందు గేర్‌బాక్స్ విప్పి చూడని మెకానిక్కు మెకానిక్కేనా? ఆయనకి విడిగా ఒక ఉత్తరం రాశాను. కాస్త ఘాటుగానే రాశాను.

కొత్తవాటిలా పట్టుకున్నాయన్న మాట మీ అత్తయ్యకి మళ్ళీ మళ్ళీ చదివి వినిపించాను. గోరు దిగలేదన్నావుగా, ఇప్పుడేమంటావ్ అన్నాను. ఆవిడ వంటింట్లోకి వెళ్ళిపోయింది. ఓడిపోతే ఆడవాళ్ళు అలాగే ఉంటారు.

రెండు మలుపులేగా తిరిగాయి, ఏం అరిగుంటాయి? విప్పి, కడిగి, నీడలో ఆరబెట్టి, సుద్దపొడి చల్లి తిరుగు లారీలో పంపెయ్. వచ్చే ఏడాదికి నేను చూసుకుంటాను.

మామయ్య

ఏప్రిల్ 26

మామయ్యకి,

నీ ఉత్తరం రావడానికి ముందే కారు అమ్మేశాను. చెప్పాను కదా, ఈసారి కాకపోతే అమ్మేస్తానని. ఆ నాలుగూ దానితోనే వెళ్ళిపోయాయి.

జిడ్డు నీ ఉత్తరం చదివాడు. "మీ మామయ్య తిట్లు కూడా పద్ధతిగా తిడతారే" అని నవ్వి, మడిచి జేబులో పెట్టుకున్నాడు. ఆయన్ని ఇంకేమీ అనకు.

నాకు ఒక కంపెనీలో పార్సిళ్ళ వ్యాను తోలే పని దొరికింది. చివరికి నేనూ గట్టి టైర్ల మీదే పడ్డాను, చూశావా? ఏళ్ళ తరబడి వస్తాయట.

పిడుగు

మే 6

నువ్వు రాసింది చదివాను.

కారు నీది, అమ్ముకున్నావు. ఆ నాలుగూ నీవా? అంత పట్టున్న టైర్లని ఎవడో ముక్కూ మొహం తెలియనివాడికి వదిలేసి, ఒక్క ముక్కలో రాసి ఊరుకుంటావా? విప్పడానికి ఎంతసేపు పడుతుంది? నాకు ఒక్క మాట రాసి ఉంటే నేనే వచ్చి విప్పుకునేవాణ్ణి.

ఇంక నాకు ఉత్తరాలు రాయకు.

జూన్ 19

అమ్మడూ,

మీ మామయ్య ఇంట్లో ఉన్నాడో లేడో తెలియడం లేదు. ఖాళీ గదిలోకి వెళ్ళి కూర్చుంటున్నాడు. నిజం చెప్పేద్దామని పైకి వెళ్ళాను. నేను నోరు తెరిచేలోపే, "అన్నేళ్ళు ఇవ్వలేదని కసి తీర్చుకుందే అది. తీర్చుకోనీ, దాని తప్పు కాదు. అయినా ఎంత బాగా పట్టుకున్నాయో చూశావా?" అన్నాడు. ఆ ఆఖరి మాట అన్నప్పుడు ఆయన మొహం నువ్వు చూడాల్సింది. ఆ మొహం చూశాక ఇంకేం చెప్పను? నోరు కట్టేసుకుని దిగొచ్చాను.

నిన్ను ఆయన అపార్థం చేసుకుంటుంటే చూడలేకపోతున్నానమ్మా. నువ్వే కదా వద్దన్నావు.

అత్తయ్య

ఆగస్టు 14

ఒసే పిడుగా,

ఎన్నాళ్ళని మొహం ముడుచుకుని కూర్చుంటాను? నా వల్ల కావడం లేదు. నువ్వూ అంతే, రాయకు అంటే నిజంగానే మానేస్తావా?

ఒక కబురు. గట్టిగా కూర్చుని చదువు. షాపు మూసినప్పుడు మిగిలిన మిషను అమ్మేసి కొత్త సెట్టు కొన్నాను. ఎర్ర కారు కొలతే, అన్నిటికంటే మెత్తది. వేలు పెడితే చాలు, గుంట పడుతోంది. నా మీద ఒట్టు, మీ అత్తయ్య కూడా గుచ్చి చూసి ఒప్పుకుంది.

కారుదేముందే, మళ్ళీ కొనుక్కోవచ్చు. టైర్లున్నాయి.

మామయ్య

ఆగస్టు 27

మామయ్యా,

మళ్ళీ రాశావు, అదే చాలు. ఉత్తరం వ్యానులో పక్క సీటు మీద పెట్టుకుని రోజంతా తిరిగాను.

నా మాట ఒక్కటి విను. నీకు దణ్ణం పెడతాను. నేను ఇక కొండ ఎక్కను. కోపంతో అంటున్నది కాదు. నన్ను పిలిచేవాళ్ళు లేరు, ఎక్కడానికి కారు లేదు, ఆశ కూడా లేదు. ఆ టైర్లు షాపులో మార్చుకుని నీ కారు కొలతకి తెచ్చుకో. బిగించుకో. అత్తయ్యని కూర్చోబెట్టుకుని కూరగాయలకి వెళ్ళు, ఊరు దాటి తిప్పుకుని రా. మలుపుల్లో ఎలా పట్టుకుంటాయో నువ్వు ఒక్కసారైనా చూడు. రెండు నెలల్లో అరగ్గొట్టెయ్, ఫరవాలేదు. దాచకు మామయ్యా. దాచినా పోతుంది రబ్బరు. షాపులో అందరికీ నువ్వే కదా చెప్పేవాడివి.

నీ పిడుగు

సెప్టెంబరు 9

ఒసే పిచ్చి పిడుగా,

కూరగాయలకి వెళ్ళడానికి ఆ టైర్లా? నవ్వాలో ఏడవాలో తెలియలేదు. నా డొక్కు కారుకి గట్టివి చాలు, నాకంటే ఎక్కువే బతుకుతాయి.

దాచినా పోతుందని షాపుకొచ్చేవాళ్ళకి చెప్పేవాణ్ణి, నిజమే. చెప్పకపోతే కొత్తవి కొంటారా? నువ్వు కూడా నమ్మావటే! అన్నేళ్ళు దాచిన ఆ నాలుగూ కొత్తవాటిలా పట్టుకున్నాయని నువ్వే రాశావుగా. ఆ ఉత్తరం నా దగ్గరే ఉంది, ఎవరైనా వాదిస్తే తీసి చూపిస్తాను. మీ అత్తయ్య ఈమధ్య వాదించడం కూడా మానేసింది.

సుద్దపొడి చల్లాను, నల్ల కవరు చుట్టాను, దుప్పటి కప్పాను. ఈసారి ఇంకా జాగ్రత్త పడ్డాను. రేకుల గదికి కిటికీ కూడా మూయించేశాను, గాలి చొరకుండా. తాళంచెవి నా జేబులోనే ఉంటుంది.

నువ్వేం దిగులు పెట్టుకోకు. కొన్నాళ్ళు ఆ వ్యాను తోలుకో, మనసు కుదుటపడ్డాక చెప్పు. తొందరేం లేదు. అవి ఎక్కడికీ పోవు.

మామయ్య